ఎర దుంగలు

మార్చి 22

గెలిచాను!

అక్షరాలు వంకరపోతున్నాయి, పోతే పోనీ. ఈరోజు జరిగింది ఈరోజే రాసుకోవాలి.

రేంజర్ మేడమ్ గదిలో మీటింగు. పిలవకుండానే వెళ్ళాను. పోయిన నెల గాలివానకి మా క్వార్టర్స్ వెనక వాలు తోపులో కింది వరస పైన్ చెట్లన్నీ పడిపోయాయి కదా, వాటి వంకతో నిలబడ్డ చెట్లను కూడా కొట్టి అమ్మేయాలని నిర్ణయం. "ఎండలు ముదిరితే బెరడు పురుగు లేస్తుంది, పురుగు తిన్న కలపని ఎవరూ కొనరు, అందుకే ముందే కొట్టేద్దాం" అంటున్నారామె. బావ ఫారెస్టు గార్డు కనుక గుమ్మం పక్కన నిలబడి, నన్ను చూసి కళ్ళు మూసుకున్నాడు.

"నువ్వు గార్డు మరదలివి కదూ? ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"ఎవరూ రమ్మనలేదు మేడమ్. ఆ చెట్లూ తమని కొట్టమని ఎవర్నీ అడగలేదు."

ఇక ఆగలేదు. నిలబడ్డ చెట్టు పురుగు తొలిస్తే జిగురు కక్కి బయటికి తోసేస్తుందని, పడ్డ చెట్టుకి ఆ సత్తువ ఉండదని, అందుకే పురుగు ముందు పడ్డవాటిలో పిల్లల్ని పెడుతుందని, ఆ పిల్లలు రెక్కలొచ్చి వేలకి వేలు లేచాకే నిలబడ్డ చెట్లు తట్టుకోలేవని గడగడా చెప్పేశాను. కాబట్టి శత్రువు నిలబడ్డ చెట్టు కాదు, కింద పడున్న కలప! సన్న కొమ్మలు నరికి ఎండలో పరిచేద్దాం, ఎండిన కొమ్మ పురుగుకి అక్కర్లేదు. పచ్చి దుంగల్ని మాత్రం కొన్ని నీడలో ఎరగా పెడదాం. పురుగులన్నీ వాటికే వస్తాయి. పిల్లలు ఎగరకముందే బెరడు ఒలిచేద్దాం. విందుకి పిలిచి తలుపు గడియ పెట్టడమే!

"ఇదంతా ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకం కాదు మేడమ్, కరపత్రం."

అందరూ నవ్వారు. కలప కోసే రంపం బాబాయి అయితే నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వుకోండి. పాత కాగితాల కొట్లో తూకానికి కొనుక్కున్న కరపత్రాలే నాకు కాలేజీ.

మేడమ్ మాత్రం నవ్వలేదు. "సరే. పడ్డ కలప నీకు వదిలేస్తున్నా. కానీ నిలబడ్డ చెట్టు ఒక్కదానికి పురుగు పట్టినా, మర్నాడే తోపు మొత్తం కొట్టించేస్తాను. అప్పుడు మళ్ళీ ఇలా తోసుకుని రాకూడదు."

"రాను."

దారిలో బావ, "రేపట్నించి ఆఫీసుకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అన్నాడు.

"ఉన్నదే పెట్టుకో బావా, కొత్తది ఎక్కడ దొరుకుతుంది?"

మార్చి 23

అక్క చెప్పింది. నిన్న నేను బయటికొచ్చేశాక బావ ఒక్క నిమిషం వెనక ఆగి, "దానికి నోరు పెద్దదే గానీ పని చేస్తుంది మేడమ్. బాధ్యత నాది" అన్నాడట. కలప పాడైతే మాట పడేది ఆయనేనట.

నన్ను అడక్కుండా ఎందుకు అన్నాడు? నాకేం ఆయన పూచీ అక్కర్లేదు. చాలా కోపంగా ఉంది.

కోపంగానే ఉంది.

మార్చి 26

పని మొదలు. రంపం బాబాయి కోస్తాడు, ఆయన భార్య పిన్ని కొమ్మలు చీలుస్తుంది, ఇంకో నలుగురు మోస్తారు. నేను అరుస్తాను.

పొద్దుటి నుంచి వాళ్ళు కొమ్మల్ని అలవాటు కొద్దీ చెట్ల మొదళ్ళ దగ్గర చక్కగా కుప్పలు పేర్చారు. చూసి ఒళ్ళు మండిపోయింది. కుప్ప లోపల తేమ, నీడ, చల్లదనం. పురుగుకి అద్దె లేని గదులు కట్టిచ్చినట్టే! ఒక్క తన్ను తన్నాను. కుప్ప కూలింది, కాలి బొటనవేలు వాచింది.

"పరచాలి పిన్నీ! కుప్ప పెట్టకూడదు. ఒక్కో కొమ్మా విడిగా, ఎండ తగిలేలా!"

"మీ అక్క చెప్పిందిలే, లేచిన పక్క కూడా సర్దవట. నీకు శుభ్రంగా పేర్చిందేదైనా కంట్లో నలుసే" అంది పిన్ని.

నాకు కరపత్రం అని పేరు పెట్టేశారు. "కరపత్రం, నీళ్ళు తే." "కరపత్రానికి కాలు వాచింది." బాగానే ఉంది పేరు.

ఏప్రిల్ 2

ఎర దుంగలు పెట్టేశాం. తోపు అంచున, నీడలో, నేలకి ఆనేలా. నా చేతులకంతా జిగురు వాసన. ఈ వాసన గాల్లో కలిసి కొండంతా తిరిగి పురుగుల్ని పిలుచుకొస్తుంది. ఆలోచిస్తేనే ఒళ్ళు పులకరిస్తోంది. ఇంత పెద్ద సైన్యాన్ని వాసనతో ఓడించబోతున్నాం.

బావ చూడ్డానికొచ్చాడు. నడుమ్మీద చేతులు పెట్టుకుని, "పక్కన ఇంత తోపుండగా నీ దుంగల మీదే వాలాలని పురుగులకి నువ్వేమైనా చెప్పొచ్చావా?"

"వాలకపోతే మీసం తీసేస్తా."

"ఎవరిది?"

"నీది."

ఏప్రిల్ 9

రాలేదు.

ఏప్రిల్ 10

రాలేదు. చలిగా ఉంది. చలికి పురుగు ఎగరదు, అంతే కారణం. నేను భోజనం చేసినంతసేపూ బావ ఈల వేశాడు. ఈల వేయడం కూడా ఒక అభిప్రాయమే.

ఏప్రిల్ 14

వచ్చాయి! వచ్చాయి వచ్చాయి వచ్చాయి!

ఏప్రిల్ 15

నిన్న రాయలేకపోయాను, గెంతడమే సరిపోయింది.

నిన్న మధ్యాహ్నానికి వెచ్చబడింది. దుంగల దగ్గరికి వెళ్తే బెరడు మీద ఎర్రటి పొట్టు, ఎవరో కారప్పొడి చల్లినట్టు. వంగి చూస్తే గుండుసూది తలంత రంధ్రం. దాని పక్కన ఇంకోటి. నా కళ్ళముందే ఒక నల్లటి పురుగు, గోధుమ గింజంత కూడా లేదు, వెనక కాళ్ళతో పొట్టు బయటికి తోస్తోంది. ఎంత శ్రద్ధ! ఒక్క క్షణం దాన్ని మెచ్చుకున్నాను కూడా. చెవి ఆనిస్తే లోపల కరకరమంటూ చిన్న చప్పుడు. దుంగ దుంగంతా నములుతున్న చప్పుడు. రంపం బాబాయి కూడా చెవి పెట్టి, "అమ్మో, నా రంపం కన్నా సాఫీగా కోస్తున్నాయే" అన్నాడు.

తోపులో నిలబడ్డ చెట్లకి ఒక్క రంధ్రం లేదు. చూశాను. మళ్ళీ చూశాను.

ఈరోజు మేడమ్ జీపు దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం పెట్టి చూసి, నాతో కరచాలనం చేశారు. "బాగుంది" అన్నారు. ఒకటే మాట. ఆ మాటకి తోపులో చెట్లన్నీ ఒక జానెడు పెరిగినట్టనిపించింది.

బావ మీసం జోలికి వెళ్ళలేదు. ఎదటివాళ్ళు ఓడినప్పుడు పెద్ద మనసు చూపాలి.

ఇక చేయాల్సింది ఆగడమే. గుడ్లు పెట్టి, పిల్లలై, రెక్కలు రావడానికి రెండు నెలలు అని కరపత్రంలో స్పష్టంగా ఉంది. ఆ లోపల దుంగల్ని కదపకూడదని కూడా ఉంది. ముందే ఒలిస్తే, తర్వాత వచ్చే పురుగులు ఎర లేక నిలబడ్డ చెట్ల మీద పడతాయి. జూన్ మొదటి వారంలో ఒలుస్తాం.

ఏప్రిల్ 29

బావతో గొడవ.

ఎండలు ఎన్నడూ లేనంతగా కాస్తున్నాయి. నాకూ చెమట పోస్తోంది, కాదనను. బావ వచ్చి, "ఒక దుంగకి అరచేయంత బెరడు లేపి చూడు, లోపల ఎంతవరకు వచ్చాయో" అన్నాడు.

"కదపకూడదు. రెండు నెలలని రాసుంది."

"రాసినాయన మన ఎండలో నిలబడి రాశాడా? పిండి కూడా వేడికి తొందరగా పులుస్తుంది. పురుగు పెరగదా?"

"శాస్త్రాన్ని పిండితో పోలుస్తావా?"

"శాస్త్రమేంటే, అది నాలుగు పేజీల కాయితం! చూడమన్నానంతే. చూస్తే నీ సొమ్మేం పోయింది?"

నువ్వు భయస్థుడివి అన్నాను. ఉద్యోగం కోసం వణికే మనిషివి, నీకు అడవంటే ప్రేమ లేదు, జీతమంటేనే ప్రేమ అన్నాను. ఇంకా కొన్ని అన్నాను. అక్క వంటింట్లోంచి వచ్చి నిలబడింది. బావ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

గ్లాసు దానంతటదే కింద పడి పగిలింది.

మే 1

బావతో మాట్లాడటం లేదు.

మే 3

మాట్లాడటం లేదు. ఉప్పు ఇటివ్వమన్నాను, అది మాట కిందికి రాదు.

మే 4

ఎర దుంగల వైపు వెళ్ళలేదు. వేరే పని ఉంది.

మే 6

ఎండ దంచేస్తోంది. నిన్నా ఇవాళా దుంగల వైపు వెళ్ళడం కుదరలేదు, కొమ్మలు తిరగేసే పని. కొమ్మలు బ్రహ్మాండంగా ఎండాయి, విరిస్తే ఫట్‌మంటున్నాయి, ఒక్క రంధ్రం లేదు. కాబట్టి కరపత్రం కొమ్మల విషయంలో నిజం చెప్పింది. కాబట్టి దుంగల విషయంలోనూ నిజమే చెబుతుంది.

మే 7

దుంగల వైపు వెళ్ళలేదు.

మే 8

బావ అన్నది తప్పని రుజువు చేద్దామనే వెళ్ళాను. అందుకే వెళ్ళాను. చిన్న కత్తి తీసుకుని అన్నిటికన్నా కొసన ఉన్న దుంగ ఎంచుకున్నాను. కొసన ఉన్నదాన్ని కాస్త గీకితే కదిపినట్టు కాదు.

బెరడు పూరీలా లేచొచ్చింది.

లోపల తెల్లటి పిల్లపురుగులు కాదు. పసుపు రంగువి. మెత్తగా, తేనె రంగులో, కాళ్ళు మడుచుకుని, వీపు మీద రెక్కలు. రెక్కలు! కొన్ని అప్పుడే గోధుమ రంగుకి తిరిగాయి. ఒకటి నా వేలి మీదికి నడిచింది.

రెండు నెలలు కాదు. ఇవి ఎగరడానికి ఇంక వారం కూడా లేదు. నాలుగు రోజులో, మూడో. వీటన్నిటినీ పిలిచింది నేను. తోపుని ఆనుకుని, చల్లగా నీడలో ఉంచి, కదపనివ్వకుండా కాపలా కాసి పెంచింది నేను.

పరిగెత్తాను. బావ పెరట్లో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాట తయారు చేసుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, "బావా, పార ఎక్కడ?"

నా మొహం చూశాడు. ఒక బుగ్గకి నురగ అలాగే ఉంది. తువ్వాలు భుజాన వేసుకుని, "పెద్దదా, చిన్నదా?" అన్నాడు.

"ఎన్నుంటే అన్ని."

మే 9

నడుము ఇనుపకడ్డీ అయిపోయింది, రాస్తున్నది బోర్లా పడుకుని.

పెద్ద దుంగల్ని పిన్నీ, బావా, నేనూ, బాబాయీ, మోసేవాళ్ళూ అందరం కలిసి ఒలిచాం. అక్క కూడా కొంగు దోపి వచ్చింది. పదునైన పార కింద పెట్టి తోస్తే చాపలా లేస్తుంది బెరడు. లోపలున్నవి ఎండ తగలగానే విలవిల్లాడి ఆగిపోతాయి. చీమలు పెళ్ళి భోజనానికొచ్చినట్టు వరసకట్టాయి. భలే పని! చేస్తున్నంతసేపూ నాకు ఏడుపూ రాలేదు, ఆకలీ వేయలేదు. మొండి బెరడొస్తే పిన్ని తిట్లు అందుకునేది. ఆ తిట్లు నాకు కొత్తవి, నేర్చుకున్నాను.

సాయంత్రానికి పెద్దవి అయిపోయాయి. చిన్న దుంగలు మిగిలాయి. తొడ లావువి, మోచేతి లావువి, గుట్టలు. ఇవి గుండ్రంగా దొర్లిపోతాయి, పార నిలవదు. ఒక్కోదానికి పెద్దదానికి పట్టినంత సేపూ పడుతుంది.

"తగలబెట్టేద్దాం" అన్నాడు బావ. అని, వాలు మీద మేం పరిచిన ఎండు కొమ్మల వైపు చూసి, "వద్దులే" అని ఆయనే అన్నాడు. తోపు తోపంతా అగ్గిపెట్టె అయి కూర్చుంది. నిప్పు తేలిక, ఆపడం ఎవరి వల్లా కాదు.

అందరం దుంగల మీదే కూర్చుండిపోయాం. కింద నుంచి కరకర వినిపిస్తోంది. ఎండలో కొమ్మలు ఎండాయి కదా, ఇవీ ఎండవా అన్నాను. "ఎండ ఎక్కడుంది ఇక్కడ, అంతా నీడే" అంది అక్క. నిజమే, నీడ చూసే కదా ఇక్కడ పెట్టింది. నీడ లేని చోటు, కాలిపోయే చోటు కావాలి. మధ్యాహ్నం తోపు కింది రోడ్డు దాటుతుంటే చెప్పు తెగి, ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చాను. తారు అట్లపెనంలా ఉంది.

లేచి నిలబడ్డాను.

"బావా, రోడ్డు!"

"రోడ్డేంటి?"

"రోడ్డు మీద పరుద్దాం!"

బాబాయి, "ఈ పిల్ల అన్నంత పనీ చేస్తుంది" అన్నాడు. బావ కింద రోడ్డు వైపు చూసి, "పల్లానికే కదా, దొర్లిస్తే చాలు" అన్నాడు.

మే 10

నా జీవితంలో ఇంత గొప్ప రోజు లేదు.

పొద్దున్నే దుంగలన్నీ రోడ్డు మీదికి దొర్లించాం. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒకదానికొకటి తగలకుండా. మధ్యాహ్నానికి తారు మెత్తబడింది. గంటకోసారి తిప్పుతున్నాం, అన్ని వైపులా కాలాలి కదా. చేతులకి గోనెపట్టాలు చుట్టుకున్నాం. వచ్చిన పాలవ్యాను వెనక్కి తిరిగింది. ఒక మోటారు సైకిలాయన, "ఏం కావాలి మీకు? ఎవరి మీద ఈ ధర్నా?" అన్నాడు.

"పురుగుల మీద" అంది పిన్ని.

రాస్తారోకో గురించి ఎన్ని కరపత్రాలు చదివానో! ఎన్ని నినాదాలు రాసి పెట్టుకున్నానో! తీరా రోడ్డు ఆపిన రోజు ఒక్క నినాదం గుర్తు రాలేదు. తిప్పండి, తిప్పండి, ఇదొక్కటే అరిచాను.

తర్వాత మేడమ్ జీపు. హారన్ కొట్టింది. ఎవరమూ కదల్లేదు. దిగారు.

"ఏమిటిదంతా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరవలేదు. ఉన్నదంతా చెప్పాను. రెండు నెలలని మొండికేశాను, చూడమంటే చూడలేదు, రెక్కలొచ్చేశాయి, పెద్దవి ఒలిచాం, చిన్నవి కాలుస్తున్నాం. బావ అడ్డొచ్చి, "మేడమ్, బాధ్యత..." అనబోతే, "నువ్వుండు బావా, నాది" అన్నాను.

మేడమ్ వంగి ఒక దుంగని తాకి చటుక్కున చేయి తీసేశారు. "సాయంత్రం దాకా రోడ్డు మూసేశామని అటు చివర బోర్డు పెట్టించు" అని డ్రైవరుతో అన్నారు. నాతో మాత్రం, "మన మాట గుర్తుందిగా? నిలబడ్డ చెట్టు ఒక్కటి" అన్నారు.

"గుర్తుంది."

"ఈలోపు ఎన్ని లేచిపోయాయో తెలుసా?"

తెలీదు. అదొక్కటే తెలీదు.

బావతో చెప్పాను, ఆ రోజు అన్న మాటలు నిజం కాదని. "ఏ మాటలు?" అన్నాడు. మళ్ళీ చెప్పమని ఏడిపించడానికే. దుంగ తిప్పు ముందు అన్నాను.

మే 12

రోడ్డు దుంగలు చీల్చి చూశాం. అన్నీ మాడిపోయాయి. ఊదితే పొట్టులా ఎగిరాయి. రంపం బాబాయి ఒక బెరడు ముక్క జేబులో వేసుకున్నాడు, వాళ్ళ మనవరాలికి చూపిస్తాడట.

ఇక నిలబడ్డ చెట్లు. ఒక్కో చెట్టూ చుట్టూ తిరిగి చూడాలి.

మే 14

తిరుగుతున్నాం. ఏమీ లేదు. మెడ నొప్పి.

మే 15

ఏమీ లేదు!

మే 17

ఉంది.

వాలు మధ్యలో, ఎర దుంగల చోటుకి ఎదురుగా, లావుపాటి చెట్టు. నా కళ్ళ ఎత్తులో బెరడు మీద జిగురు ముద్దలు. తెల్లగా ఉంటే పర్వాలేదు, చెట్టు తోసేసిందని అర్థం. ఇవి ఎరుపు కలిసిన గులాబీ రంగు. పొట్టు కలిసింది. అంటే పురుగు లోపలికి తొలిచింది. తొలిచి లోపలే ఉందా, లేదా? పైకి చూస్తే తెలీదు.

నేనూ బావా. ఇంకెవరూ లేరు. నా చేయి నాకు తెలీకుండానే జేబులో కత్తి మీదికి వెళ్ళింది. గీకేసి మట్టి రాస్తే అక్కడేదో ఉందని ఎవరికీ తెలీదు. ఒక్క చెట్టు. ఒక్కదాని కోసం ఇన్ని చెట్లు.

"నీ ఇష్టం. నేను అటు చూస్తుంటాను" అన్నాడు బావ. నిజంగానే అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన వీపు చూశాను. నేను గీకితే ఆయన మాట కూడా నాతోపాటే అబద్ధమైపోతుంది.

గీకి దాచేస్తే, లోపల పురుగు ఉంటే, దాని పిల్లలు పక్క చెట్టుకి, ఆ పక్క చెట్టుకి. దుంగల వైపు వెళ్ళని రోజులు ఒకసారి చాలు.

"బావా, నువ్వు దీన్ని ముట్టుకోకు, ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అని ఆఫీసుకి పరిగెత్తాను. ఈసారి తలుపు తట్టాను.

మేడమ్ నడిచి వచ్చారు. చెట్టు ముందు నిలబడి, జీపు తాళంచెవితో ముద్దని మెల్లగా తవ్వారు. పైపొర రాలింది. కింద జిగురు, ఇంకా జిగురు, తేటగా, బంగారం రంగులో. మధ్యలో ఒక నల్లటి పురుగు, కాళ్ళు చాచి, కదలకుండా. రెండో ముద్దలో ఇంకోటి, అదీ అంతే. మూడోది. అన్నీ జిగురులో మునిగి చచ్చాయి. తొలిచిన దారి వేలి గోరంత కూడా సాగలేదు.

"చెట్టు ఉక్కిరిబిక్కిరి చేసేసింది" అన్నారు మేడమ్.

నా గొడవలేవీ పట్టని ఈ చెట్టు నోరెత్తకుండా తన పని తాను చేసుకుపోయింది. ముద్ద ముద్దకీ ముద్దొచ్చింది నాకు. బెరడుకి మొహం ఆనించేశాను, సిగ్గు కూడా పడలేదు.

"దీన్ని కొట్టమనను. మిగతావి చూశావా?"

"సగం చూశాం మేడమ్."

"మరి ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నావు? వర్షాలు పడేదాకా ప్రతి వారం చూడాలి, ఒక్కటి కూడా వదలకుండా. అలా కౌగిలించుకుంటూ పోతే నీకు నెల పడుతుంది."

బావ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకి పైన కొమ్మల్లోంచి ఏదో పిట్ట లేచిపోయింది.

చీకటి పడేదాకా మిగతా సగంలో సగం చూశాం. ఇంకో నాలుగు చెట్లకి ముద్దలు, నాలుగింట్లోనూ చచ్చిన పురుగులే. పొద్దున్నే పై వరస మొదలుపెట్టాలి. నిద్ర వచ్చేలా లేదు. జుట్టుకి జిగురు, బుగ్గకి జిగురు, సబ్బుతో ఎంత రుద్దినా వేళ్ళ నుంచి పోలేదు, ఇప్పుడు ఈ పేజీ మూలకి కూడా అంటుకుంది. ఉండనీ, మంచి వాసన.